పెంపుడు నరం

చచ్చుబడిన చేతుల్లో ఎంత బలం తిరిగి వచ్చిందో కొలిచి చెప్పడం నా ఉద్యోగం. పద్నాలుగేళ్ళ నుంచి అదే పని. నా అంత కచ్చితంగా కొలిచేవాళ్ళు ఈ జిల్లాలో లేరని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఒక గురువారం ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు దిగిపోయింది. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ క్షణంలోనే గోడ గడియారం వంక చూశాను. మా తమ్ముడి ఇంట్లో పాపకు నీళ్ళు పోసే వేళ అయిందా లేదా అని.

నీళ్ళు పోయడానికి ఆ రోజే మొదటిసారి పైడమ్మ వెళ్ళింది. పంపింది నేనే.

పైడమ్మది విజయనగరంలో మా వీధి వెనక పేట. ముప్ఫై ఏళ్ళ పైనుంచీ పురిటి పిల్లలకు నీళ్ళు పోస్తోంది. పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని, మాడుకు ఆముదం అద్ది, సున్నిపిండితో ఒళ్ళు నలిచి, తల గుండ్రంగా ఒత్తి, ముక్కు తీర్చి, కళ్ళల్లో చుక్క పడకుండా వేడినీళ్ళు పోస్తుంది. మా తమ్ముడు ధర్మారావు తల ఆవిడ ఒత్తినదే. దాని గుండ్రదనం గురించి వాడు ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటాడు.

కిందటి అక్టోబరు తుఫానులో వంటపాక మీది రేకు ఎగిరి ఆవిడ కుడి మణికట్టును కోసుకుంటూ పోయింది. చేతిలోకి వెళ్ళే నరాలు రెండూ తెగిపోయాయి. గాయం మానింది కానీ వేళ్ళు గద్దగోళ్ళలా వంకర తిరిగాయి, బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. నా గదిలోకి మొదటిసారి వచ్చినప్పుడు బల్ల మీద చిన్న రుమాలు పెట్టి, పట్టుకోమన్నాను. పట్టుకోలేకపోయింది.

"రుమాలే పట్టనేనప్పుడు పసిగుంటల్ని ఏటి పడతానమ్మా?" అంది. ఏడవలేదు. చేతిని చీర చెంగులో దాచుకుంది.

మా ఆస్పత్రి పరిశోధనశాల ఊరి బయట కొండవాలులో ఉంటుంది. దాని పెద్ద డాక్టర్ ఇందుశేఖర్. తెగిన నరం దానంతట అది పెరగాలంటే రోజుకు ఒక మిల్లీమీటరు, అదీ అదృష్టం బాగుంటే. ఈలోగా కండ ఎండిపోతుంది. ఇందుశేఖర్ రోగి చర్మంలోంచే కణాలు తీసి, గాజు పళ్ళెంలో కొత్త నరం పెంచి, తెగినచోట అతికేవాడు. మేం దాన్ని పెంపుడు నరం అనేవాళ్ళం. అది రోజుకు సెంటీమీటరు పెరుగుతుంది. ఎవరూ దారి చూపనక్కర్లేకుండా కండలోకి వెళ్ళి అల్లుకుంటుంది. ఆ గురువారం నాటికి ఎనిమిది మందికి అతికాం. పైడమ్మ రెండో మనిషి.

ప్రతి శుక్రవారం నేను ఆవిడ చెయ్యి కొలిచేదాన్ని. పట్టు కొలిచే మీటరును అరచేతిలో పెట్టి, పట్టీ బిగించి, సున్నా మీట నొక్కి, అప్పుడు "పట్టు" అనేదాన్ని. మూడుసార్లు పట్టించి సగటు రాసుకునేదాన్ని. చెయ్యి పెట్టాకే సున్నా నొక్కాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఎందుకంటే చచ్చుబడిన చెయ్యి ఊరికే వాలినా దాని బరువుకే మీటరు కదులుతుంది. వెనకటికొకసారి ఒక లారీ డ్రైవరు చేతికి రెండు వందల గ్రాములు చూపిస్తే, అతని భార్య ఆస్పత్రి అంతా లడ్డూలు పంచింది. అది బలం కాదు, చెయ్యి బరువు. ఆ సంగతి ఆమెకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను పడ్డ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. అప్పటి నుంచీ ముందు చెయ్యి, తర్వాత సున్నా. లేనిపోని ఆశ ఎవరికీ కల్పించకూడదని అంత జాగ్రత్త.

పైడమ్మ అంకెలు చూస్తుంటే మా అందరికీ పండగలా ఉండేది. నాలుగో వారానికి కిలో, ఎనిమిదికి తొమ్మిది, పదహారుకి ఇరవై ఆరు. మంచి ఆరోగ్యంతో ఉన్న ఆడమనిషి పట్టు అంతే ఉంటుంది. మార్చి నెలాఖరులో ఒక శుక్రవారం కరెంటు పోయి, ఏసీ ఆగి గది ఉడికిపోయింది. ఆ వేళ కొలత అయ్యాక మీటరు ఆవిడ చేతిలోంచి రాలేదు.

"ఒగ్గనంటందమ్మా. నానంటే మనసు పడినట్టున్నాది మీ మీటరు" అంది పైడమ్మ.

ఇద్దరం నవ్వుకున్నాం. ఒక్కొక్క వేలే విడదీసి మీటరు తీసుకుని, ఫైల్లో 'పట్టు అద్భుతం' అని రాశాను. 

కిందటి శుక్రవారం ఆఖరి పరీక్ష. కండల బలానికి మేం సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేస్తాం. అయిదుకు అయిదు వేసి, చెయ్యి పూర్తిగా కోలుకుంది, పాత పని చేసుకోవచ్చు అని కాగితం రాసిచ్చాను. పైడమ్మ ఆ కాగితం మడిచి చెంగున ముడివేసుకుంది.

"నిజింగా బాగున్నట్టేనామ్మా?"

"మీటరు అబద్ధం ఆడదు పైడమ్మా" అన్నాను.

ఆ సంతోషంలోనే మా తమ్ముడి భార్య సుహాసినికి ఫోన్ చేశాను. సుహాసినికి తల్లి లేదు, పురుడు మా తమ్ముడింట్లోనే పోశారు. తను భయపడి ఇరవై మూడు రోజులుగా పాపను తడిగుడ్డతో తుడుస్తోందే తప్ప నీళ్ళు పోయలేదు. "గురువారం మంచిది, పైడమ్మను పంపుతాను, ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు" అని చెప్పాను.

గురువారం ఉదయం ఇందుశేఖర్ నా గదిలోకి వచ్చాడు.

"హైమగారూ, మన పరిశోధన వ్యాసం వేసే పత్రికవాళ్ళకి పైడమ్మ అసలు అంకెలు కూడా కావాలట. మీటరులో ఉంటాయి, తీసి పెడతారా?"

సున్నా నొక్కినప్పుడు మీటరు ఎంత కొట్టేసిందో అది లోపల దాచుకుంటుంది. ఎప్పుడూ ఎవరికీ పనికిరాని వరస అది. చెయ్యి బరువు, ఓ పావుకిలో ఉంటుందనుకుంటూ తెరిచాను. నాలుగో వారం పావుకిలోయే. ఎనిమిదో వారం కిలోన్నర. పన్నెండుకి నాలుగు. కిందటి శుక్రవారం పదకొండు.

చెయ్యి బరువు పదకొండు కిలోలు ఉండదు.

నేను "పట్టు" అనకముందే ఆ చెయ్యి పదకొండు కిలోల బలంతో మీటరును నొక్కుతోంది. ఆవిడ పట్టమనకుండానే పడుతోంది. అది వారం వారం పెరుగుతుంటే, నేను శుభ్రంగా సున్నా నొక్కి, తుడిచేసి, మిగిలినది రాసుకుంటూ వచ్చాను.

మధ్యలో ఒకే ఒక్క అంకె వరస తప్పి ఉంది. మార్చి నెలాఖరుది. పంతొమ్మిది. కరెంటు పోయిన రోజు. చల్లటి గదిలో అంత కాదు. ఉక్కపోతకే పంతొమ్మిది.

వేడి తగిలితే ఆ నరం తనంతట తాను రెచ్చిపోతుంది. పైడమ్మ ఈపాటికి వేడినీళ్ళ కాగు పక్కన కూర్చుని ఉంటుంది.

 సుహాసినికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ధర్మారావు గూడ్సు రైలు గార్డు, ఆ వేళప్పుడు ఎక్కడో రాయగడ దారిలో సిగ్నలు అందని చోట ఉంటాడు. పైడమ్మ పనిలో ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకోదు. ఫ్రిజ్‌లోంచి మంచు సంచులు నాలుగు తీసి బుట్టలో వేసుకుని స్కూటీ ఎక్కాను. ఇందుశేఖర్ వెనక నుంచి ఏదో అరిచాడు, నాకు వినపడలేదు.

అక్కడి నుంచి ఇల్లు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నా బుర్ర నా మాట వినకుండా లెక్కలు వేసింది. పసిపిల్ల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు. మాడు దగ్గర చర్మమే ఉంటుంది. తల ఒత్తేటప్పుడు కుడి అరచెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇరవై రెండు డిగ్రీల గదిలో పదకొండు, ముప్ఫై నాలుగు డిగ్రీల గదిలో పంతొమ్మిది. కాగులోవి చన్నీళ్ళు కలిపి తొరిపాక కూడా నలభై. మామూలు మనిషి ఎంత గట్టిగా పట్టినా కండ బలమంతా వాడడు, నరమే కొంత ఆపి ఉంచుతుంది. మేం పెంచిన నరానికి ఆపడం మేం నేర్పలేదు. దేవుడా, దేవుడా అనుకుంటూ బండి నడిపాను. నేను గుడికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో కూడా గుర్తులేని మనిషిని.

గుమ్మం తలుపు తీసే ఉంది. లోపల సాంబ్రాణి వాసన. పాప ఏడుపు వినపడలేదు. నీళ్ళు పోసేటప్పుడు పిల్లలు ఏడుస్తారు, ఏడవాలి. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తాను.

పెరట్లో పైడమ్మ పీట మీద కూర్చుని ఉంది. కాళ్ళు బారజాపి ఉన్నాయి. వాటి మీద పాప వెల్లకిలా పడుకుని, ఒంటి నిండా సున్నిపిండితో, కాళ్ళు ఆడిస్తూ పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. పైడమ్మ రెండు చేతులూ పాపకు అందనంత పైకి, తన మెడ దగ్గరగా ఎత్తిపెట్టుకుని ఉంది. సాంబ్రాణి నిప్పుల గిన్నెతో వంటింట్లోంచి అప్పుడే వచ్చిన సుహాసిని నన్ను చూసి నవ్వింది.

"సూర్యుడికి దణ్ణం పెడుతోంది వదినా. వంటింట్లోంచి చూసి, కదపకూడదేమోనని ఊరుకున్నా."

అది దణ్ణం కాదు. కుడిచెయ్యి ఎడమచేతిని పట్టుకుని ఉంది. ఎడమచేతి వేళ్ళు కుడి పిడికిలిలోంచి నల్లగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి బయటికి వచ్చాయి.

"పాపని తీసీమ్మా" అంది పైడమ్మ మెల్లగా. గొంతు పెంచలేదు. "నాను గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి దొర్లిపోద్దని ఊరుకున్నాను. నా మోకాళ్ళు ఇంక ఆగవు."

సుహాసిని చేతిలోని గిన్నె కింద పడి నిప్పులు చెదిరాయి. పాపను ఎత్తుకుని గోడ దాకా వెనక్కి వెళ్ళిపోయింది. నేను పైడమ్మ చేతి మీద మంచు సంచులు కట్టాను. మణికట్టును కిందికి వంచితే ఎవరి వేళ్ళయినా కాస్త వదులవుతాయి, అది మా వృత్తిలో మొదటి పాఠం. వంచాను. కొంచెం సడలినట్టే సడలి మళ్ళీ బిగుసుకున్నాయి. లోపల ఎముక కదిలిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. పైడమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎప్పుడు మొదలైంది?" అన్నాను. 

"తల ఒత్తతన్నాను. సెయ్యి దగ్గరకి వచ్చీస్తన్నాది. ఒగ్గమంటే ఒగ్గదు. దానికి ఏదో ఒకటి పట్టుకోడానికి కావాలని తెలిసిపోనాది. ఎడంసెయ్యి మజ్జిన పెట్టేసినాను." ఊపిరి పీల్చుకుంది. "పది దినాల్నించీ ఇలాగే ఉన్నాదమ్మా. టీ కాసినప్పుడు గరిటె ఒగ్గదు. ఓ దినం మనవడి సెయ్యి పట్టుకుంటే ఆడు ఏడిసినాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీటరు అబద్దమాడదన్నావు గదమ్మా. అయితే నా సెయ్యే అబద్దమాడతందనుకున్నాను."

మంచు సంచుల కట్టు ఇంకాస్త బిగించాను. 

మంచుకు పిడికిలి విడిపోవడానికి పావుగంట పట్టింది. ఎడమచేతి వేళ్ళు మూడు విరిగిపోయాయి. మా ఆస్పత్రి వ్యాను పిలిచి కొండవాలులోని పరిశోధనశాలకు తీసుకెళ్ళాను. దారి పొడుగునా మంచు మారుస్తూనే ఉన్నాను, ఆ కుడిచెయ్యి మూసుకుంటుందేమోనని చూపు తిప్పకుండా. దానిని తాకాలంటేనే నాకు భయం వేసింది. వారం కిందట అదే చేతిని నేను ముద్దు పెట్టుకున్నంత పని చేశాను.

ఇందుశేఖర్ ముందు నమ్మలేదు. తర్వాత నా మీద అరిచాడు. ఆ తర్వాత ఫైలు అంతా చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ నరం కోసేయాలి" అన్నాడు చివరికి. "ఇవాళే. కోస్తే కుడిచెయ్యి మళ్ళీ మొదటికొస్తుంది. కానీ హైమగారూ, ఇంకో ఏడుగురు ఉన్నారు. ఎంత వేడిలో బిగుసుకుంటుందో, ఎంత చలిలో వదులుతుందో తెలియకుండా వాళ్ళకి ఏం చెప్పి జాగ్రత్త పడమంటాం? కోసేశాక కొలవలేం."

అంటే ఆ చేతిని మళ్ళీ వేడినీళ్ళలో పెట్టి కొలవాలి. నేను కుదరదన్నాను. ఇంత జరిగాక కూడా కొలతలేనా అని నోటికొచ్చినట్టు తిట్టాను. గాజు తలుపు అవతల మంచం మీద పైడమ్మ అంతా వింది.

"ఇంకా ఏడుగురికి ఇలాటి సెయ్యి పెట్టినారా?"

"పెట్టాం పైడమ్మా."

"ఆళ్ళిళ్ళల్లో పిల్లలుండరా ఏటి? కొలువమ్మా."

కొలిచాను. ఈసారి సున్నా నొక్కలేదు. మీటరుకు ప్లాస్టిక్ సంచి కట్టి ఆవిడ చేతిలో పెట్టి, చేతిని నీళ్ళ తొట్టిలో ముంచి, నీళ్ళు కొద్దికొద్దిగా వేడెక్కించాను. ఆవిడ ఏమీ చెయ్యలేదు. తల పక్కకు తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ పడుకుంది. ఇరవై అయిదు డిగ్రీలకు పదమూడు. ముప్ఫైకి ఇరవై రెండు. ముప్ఫై అయిదుకు నలభై. అంకె ఎక్కుతుంటే నా చంకల్లో చెమట కారిపోయింది. ముప్ఫై ఎనిమిదికి యాభై ఆరు చూపించి, మణికట్టులో ఏదో పుటుక్కుమంది. తొట్టిలో మంచు గుమ్మరించేశాను. పదహారు డిగ్రీల దగ్గర వేళ్ళు విడిపోయి మీటరు అడుక్కి మునిగింది.

"సరిపోద్దా?" అంది పైడమ్మ. పెదవి కొరుక్కున్న చోట రక్తం వచ్చింది.

"సరిపోతుంది."

ఆవిడను ఆపరేషనుకు తీసుకెళ్ళాక నేను ఫోన్ దగ్గర కూర్చున్నాను. ఏడుగురికీ ఒకటే మాట. వేడి తగలనివ్వకండి, ఎవరినీ పట్టుకోకండి, చేతిని మంచునీళ్ళలో ఉంచుకుని బయల్దేరి రండి. ఒక టైలరు "కత్తెర వదలడం లేదండి, మీరు బాగుందన్నారు కదా అని చెప్పలేదు" అన్నాడు. ఒకావిడ ఏమీ అనకుండా ఏడుపు మొదలుపెట్టింది. ఆఖరి ఆయన ఎత్తలేదు. మనిషిని పంపితే, పొద్దుటి నుంచీ కిటికీ ఊచ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడట, గాలి పీలుస్తున్నానని ఇంట్లో అబద్ధం చెప్పి. ఏడుగురిలో ఒక్కరు కూడా మాకు ఫోన్ చేసి చెప్పలేదు. అందరికీ నేను మంచి మార్కులు వేశాను మరి.

నాలుగు గంటలకు పైడమ్మకు తెలివి వచ్చింది. కుడిచేతి వేళ్ళు మళ్ళీ వంకర తిరిగి వాలి ఉన్నాయి. ఎడమచెయ్యి కట్టులో ఉంది. నేను ఏదో చెప్పబోయాను. క్షమించమనే అయి ఉంటుంది. ఆవిడ వినిపించుకోలేదు.

"పిల్లకి నీళ్ళు పూర్తిగా పొయ్యనేదు. ఒళ్ళంతా సున్నిపిండే. ఎండిపోతే సర్మం పగిలిపోద్ది. ఎవరన్నా కడిగినారా?"

ఎవరూ కడగలేదు. నేను వెళ్ళేసరికి సుహాసిని పాపను ఒళ్ళో పెట్టుకుని మంచం మీద అలాగే కూర్చుని ఉంది. పిండి ఎండి, పాప చెంపల మీద బీటలు వారింది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. "నాకు చేతులు రావడం లేదు వదినా, ముట్టుకుంటే ఏమవుతుందోనని" అంది సుహాసిని.

నీళ్ళు గోరువెచ్చగా తొరిపి పీట వేసుకుని కాళ్ళు చాపుకున్నాను. పాపను అందుకుని కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాను. పద్నాలుగేళ్ళలో కొన్ని వేల చేతులు కొలిచాను. నా చెయ్యి ఎంత నొక్కుతుందో నాకు తెలియదు. పాప తల కింద అరచెయ్యి పెట్టాను. మాడు దగ్గర నాడి కొట్టుకుంటూ నా వేళ్ళకు తగిలింది. 

"సుహాసినీ, చూడు, గట్టిగా పట్టుకుంటున్నానా?"

సుహాసిని వంగి చూసింది.

"అసలు పట్టుకోవడమే లేదు వదినా. పాప జారిపోతోంది, పట్టుకో."

భయపడుతూనే పట్టుకున్నాను.